నీలిమిట్టకు రాని పెట్టె

భరణి కార్తె, సోమవారం

అత్త ఒంటి వేడి మామూలుగానే ఉంది. ఊపిరి బాగుంది. నోరు అంతకంటే బాగుంది.

డాక్టరమ్మ రాయమన్నది ఇంతే. రోహిణి కార్తె దాటేదాకా అత్త ఒంటి వేడి, ఊపిరి, తాగిన నీళ్ళు రోజూ రాసి పంపాలి. కానీ పగలంతా తలుపులు బిగించుకుని పడుకుని రాత్రంతా పనిచేసే మనిషికి, తెల్లవారేసరికి ఎవరితోనైనా నాలుగు మాటలు చెప్పుకోవాలనిపిస్తుంది. నా భార్య సుభాషిణి కొండమీద గాలిమరల దగ్గర పనిచేస్తుంది, ఆదివారం తప్ప ఇంటికి రాదు. అత్తతో మాట్లాడదామంటే అది మాట్లాడటం కాదు, వినడం అవుతుంది. అందుకని ఇక్కడే రాస్తున్నాను. డాక్టరమ్మకు ఓపిక ఉంటే చదువుకుంటుంది, లేకపోతే ఒంటి వేడి చూసుకుని మిగతాది వదిలేస్తుంది.

అత్త పేరు మాలకొండమ్మ. సుభాషిణికి తల్లి, నాకు సొంత మేనత్త. చిన్నప్పుడు నా వీపు వాయించేది. ఇల్లరికం వచ్చాక నాకు మర్యాద పెరుగుతుందనుకున్నాను. పెరగలేదు.

సంగతేమిటంటే, అత్త గదిలో చలిపొర చిరిగిపోయింది. గోడలకూ కప్పుకూ లోపలి వైపున ఆ పొర కట్టకపోతే రోహిణిలో ఏ గదైనా కుంపటే. ఊళ్ళో పొర లేని ముసలివాళ్ళంతా ఆ రోజుల్లో నేలమాళిగలోకి దిగిపోతారు. పోయినేడు అత్తనూ దింపాం. ఆ జనంలో, ఆ ఉక్కలో ఊపిరాడక రెండో రోజుకే పడిపోయింది. డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది: "ఈసారి మాళిగలోకి దింపొద్దు. రోహిణి వచ్చేలోపల ఆమె గదికి కొత్త పొర కట్టండి. కట్టలేకపోతే మాత్రం నేను ఏ మాటా ఇవ్వలేను."

కట్టలేకపోవడమేమిటి, తెప్పిస్తున్నాం. ఇవాళ పొద్దున్నే కబురు కూడా వచ్చింది. ఫోనులోంచి పసిపిల్లవాడి గొంతులాంటి గొంతు పలికింది: "అమ్మా, నేను మీ పెట్టెను. ఉప్పుగుంట రేవులో బయలుదేరాను. మీ నీలిమిట్టకు నడుచుకుంటూ వస్తున్నాను. ఆశీర్వదించండి."

అత్త మురిసిపోయింది. "ఎంత మర్యాదస్తుడురా వీడు!"

"అది పెట్టె అత్తా, మనిషి కాదు."

"నువ్వు మనిషివే గదా. ఏనాడన్నా ఇంత ముద్దుగా పలకరించినావా నన్ను?"

నేను లేచి నీళ్ళకు పోయాను.

భరణి, బుధవారం

ఒంటి వేడి మామూలే. చెంబున్నర నీళ్ళు తాగింది.

పెట్టె రాకపాలెం దాటిందట. అక్కడి నుంచి మస్తానమ్మ అనే ఆమె చెయ్యి పడింది. "జాగర్తగా పో నాయనా, ఎండన పడబాక" అని ఆమె చెప్పిన మాట మా ఇంట్లో వినబడింది. ఆమెకు వినబడదని తెలిసి కూడా అత్త ఫోనుకేసి చేతులెత్తి దండం పెట్టింది.

సరుకు మోసే ఎగిరే బండ్లన్నీ ఎండకు కూలిపోవడం మొదలయ్యాక సరుకులు నడిచే వస్తున్నాయి. మోకాలెత్తు పెట్టె, నాలుగు కాళ్ళు. చల్లని వేళల్లో నడుస్తుంది, మధ్యాహ్నం ఏ గోడ నీడనో చతికిలబడుతుంది. వాగు వచ్చినా, వంతెన కూలి ఉన్నా, కంచె అడ్డమొచ్చినా దానంతట అది దాటలేదు. ఆ ఊరివాళ్ళెవరో ఎత్తి అవతల దింపాలి. దాన్నే చెయ్యి వేయడం అంటాం. ఎవరి పెట్టె అని అడగం. చేతిలో ఎంత పని ఉన్నా వదిలేసి వెళ్ళి ఎత్తుతాం. ఎత్తినవాళ్ళు ఒక మంచిమాట చెబుతారు, అది సరుకు తెప్పించుకున్న ఇంట్లో వినబడుతుంది. పెట్టె ఎంతదాకా వచ్చిందో మాకు తెలిసేది ఆ మాటల వల్లనే.

ఈ పొర చల్లనిల్లు అనే కొత్త అంగట్లో కొన్నాం. పాత అంగడివాడు చెప్పిన ధరలో సగమే. సగమంటే తక్కువేం కాదు, మా మిద్దె మీది ఎండ పలకలు ఏడాదిగా కూడబెట్టిన వెలుగంతా దాదాపు ఆ ధర కిందే పోయింది. సుభాషిణి వద్దనే అన్నది. "తెలిసిన అంగడి వదిలిపెట్టి ఎవుడో ముక్కూమొహం తెలియనోడి దగ్గర ఎందుకు?" అన్నది. కానీ ఆ కొత్త అంగడి ప్రకటన అత్తను "అమ్మా" అని పిలిచింది, నాకు ధర నచ్చింది. అత్తా నేనూ ఒక్క మాట మీద నిలబడటం ఈ ఇంట్లో అదే మొదలు.

భరణి, శనివారం

ఒంటి వేడి కొంచెం పెరిగింది. వట్టివేళ్ళ తడికలు గంటగంటకూ తడపాల్సి వస్తోంది.

ఇవాళ తాటిరేవు దగ్గర ఏరు దాటింది. అక్కడ దావీదు అని పడవాయన. ఆయన గొంతు వింటే పెట్టెలు మోసి మోసి విసిగిపోయినవాడిలా ఉన్నాడు. "దాటించినా. బరువు గట్టిగానే ఉంది. నడుం పట్టేసింది" అన్నాడు. నాకు భలే సంతోషమేసింది. బరువుగా ఉందంటే పొర మందంగా ఉన్నట్టే కదా. సగం ధరకు మందమైన పొర! ఆదివారం సుభాషిణి వచ్చాక ఈ మాట ఎలా చెప్పాలో రెండు మూడు రకాలుగా అనుకుని చూసుకున్నాను.

అత్తకు ఇప్పుడు పెట్టె తప్ప వేరే లోకం లేదు. లేవగానే "యాడిదాకా వచ్చినాడు?" అంటుంది. వాడట. వీధిలో అందరికీ చెప్పేసింది. తెల్లవారుజామున మిద్దెల మీద పలకలు తుడుచుకుంటూ జనం నన్ను అడుగుతున్నారు, "మాలకొండమ్మ పిల్లోడు వచ్చినాడా?" అని.

భరణి, గురువారం

రాయడానికి చేతులాడటం లేదు.

మధ్యాహ్నం మంచి నిద్రలో ఉండగా ఫోను మోగింది. "మీ పెట్టె అందింది. మీ ఇంటి చెయ్యి పడింది. సెలవు అమ్మా." గభాలున లేచి, నెత్తిన తడి తుండు వేసుకుని వాకిట్లోకి పరిగెత్తాను. వాకిట్లో ఎండ తప్ప ఏమీ లేదు. పెరట్లో లేదు. వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ప్రతి గోడ నీడా వెతికాను. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. నిద్రలు పాడుచేసి నలుగురినీ లేపాను. వాళ్ళూ వెతికారు. పెట్టె లేదు, పెట్టె కాళ్ళ గుర్తులు కూడా లేవు.

అత్త గోడవైపు తిరిగి పడుకుంది. "నీకేమన్నా చప్పుడు వినబడిందా అత్తా?" అంటే పలకలేదు. అత్త మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. భయమేసింది, ఒంటి వేడి రెండుసార్లు చూశాను.

కృత్తిక, మొదటి రోజు

ఒంటి వేడి నిన్నటికంటే ఎక్కువ. తిండి సరిగ్గా తినలేదు.

చల్లనిల్లు అంగడికి ఫోను చేస్తే "మీ బాధ మా బాధ, కాస్త ఆగండి" అన్నది ఓ తీయని గొంతు. ఆగాను. మళ్ళీ అదే మాట. రాత్రి సగం దాకా మా బాధ వాళ్ళ బాధగానే ఉంది. తర్వాత ఆ నంబరే లేదంది ఫోను.

అప్పుడు, సరుకు అందకపోతే వెలుగు తిరిగి ఇప్పించే వాపసు కేంద్రానికి చేశాను. అక్కడ ఇందుమతి అనే అమ్మాయి ఓపిగ్గా విన్నది. పెట్టె నడిచిన దారంతా తీసి చూసింది.

"మీ పెట్టె అందినట్టే ఉందండీ. దారిపొడుగునా చేతులు పడ్డాయి. రాకపాలెం, తాటిరేవు, ఇంకా మధ్యలో అయిదు ఊళ్ళు. చివరికి మీ ఇంటి చెయ్యి కూడా పడింది."

"మా ఇంట్లో నేనూ మా అత్తే అమ్మా ఉండేది. నేను నిద్రపోతున్నాను."

"అయితే ఒకసారి వినండి" అని ఆమె వినిపించింది. అది అత్త గొంతే. "చల్లగా ఉండు నాయనా. రా, లోపలికి రా."

ఫోను పట్టుకునే గదిలోకి వెళ్ళాను. అత్త లేచి కూర్చుంది. నేను అడగకముందే మొదలుపెట్టింది.

"నువ్వు పడుకోనుండావు. 'అమ్మా, వాకిట్లోకి వచ్చేసినా, ఒక్క మాట చెప్పమ్మా' అన్నాడు నా ఫోనులో. వాకిట్లోకి వచ్చినోడు మాట అడిగితే ఎట్టా చెప్పకుండా ఉంటార్రా? నువ్వు లేచినాక తెచ్చుకుంటావులే అనుకున్నా. ఆనక నువ్వు ఎండన పడి ఎతుకుతా ఉంటే... నాకు నోరు రాలేదు."

నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే వచ్చింది, కానీ అత్త మీద కాదు. ఆ ముద్దు గొంతు మీద. వచ్చేసిన వాడిలా మాట్లాడి, అత్త చేత ఒక్క మాట చెప్పించుకున్నాడు. ఆ మాటే అందినట్టు రసీదు.

అప్పుడు బుర్ర వెలిగింది. మస్తానమ్మ, దావీదు, ఆ మధ్యలో వాళ్ళు, వాళ్ళను కూడా ఇలాగే అడిగి ఉంటారు. "మీరు నన్ను ఎత్తి దాటించారు, మీకు దండాలు, ఒక్క మాట చెప్పండి" అని. రోజూ ఎన్నో పెట్టెలు ఎత్తే మనుషులు. ఇది ఏ పెట్టెనో వాళ్ళకేం గుర్తు? తాము కాకపోతే పక్కింటివాళ్ళు ఎత్తి ఉంటారనుకుంటారు. దండం పెట్టినవాడికి బదులు చెప్పకపోతే మర్యాద కాదు కదా. అసలు పెట్టే లేదు. ఉప్పుగుంటలో ఏదీ బయలుదేరలేదు. మా మర్యాదే నడుచుకుంటూ వచ్చింది.

కృత్తిక, మరునాడు

ఇందుమతి మళ్ళీ మాట్లాడింది. ఆ అమ్మాయికి నా మాట మీద నమ్మకం కుదిరింది, కానీ ఆమె చేతిలో ఏమీ లేదు.

"దారిలో ఒక్కరు తమ చెయ్యి వెనక్కి తీసుకున్నా చాలండీ. 'నేను ఆ పెట్టెను ఎత్తలేదు' అని ఒక్కరు చెబితే, అక్కడ దాటని పెట్టె ఆ తర్వాత ఎక్కడా దాటనట్టే. మీ వెలుగు ఆ పూటే మీకు వాపసు వస్తుంది."

"ఇంకేం మరి? మా అత్త చెబుతుంది."

"చెప్పొచ్చు. కానీ తప్పుడు మాట చెప్పిన చెయ్యిని ఏడాదిపాటు కట్టేస్తారు. ఆ ఇంటికి పెట్టెలు రావు, ఆ ఇంటి నుంచి పోవు. మీ అత్తగారు చెబితే వెలుగు వస్తుంది, పొర తెప్పించుకోవడానికి మాత్రం కుదరదు."

"పక్కింటివాళ్ళ పేరున తెప్పించుకుంటాం."

"తెలిస్తే వాళ్ళ చెయ్యి కూడా కట్టేస్తారండీ."

పెట్టెల దొంగతనాలు జరిగే రోజుల్లో పెట్టిన నియమమట అది. దొంగల కోసం కట్టిన తాడు చివరికి మా మెడకే పడింది. అత్త బతకాలంటే ఇప్పుడు అత్త కాకుండా ఇంకెవరో ఒకరు ఏడాదిపాటు తమ చెయ్యి కట్టేయించుకోవాలి. ముక్కూమొహం తెలియని వాళ్ళను అలా ఎలా అడగడం?

అడగక తప్పుతుందా.

కృత్తిక, గురువారం

ఒంటి వేడి నూట ఒకటి. డాక్టరమ్మకు విడిగా కూడా చెప్పాను.

మొదట మస్తానమ్మకు చేశాను. నా మాట సగంలో ఉండగానే ఏడ్చేసింది. "ఎత్తలేదయ్యా, నిజం చెప్తుండా. మా కోడలు ఎత్తిందేమో అనుకోని మాట చెప్పినా. తరువాత అడిగితే దానికీ తెలియదంట. కానీ నేను చెయ్యి ఎనక్కి తీసుకోలేనయ్యా. నేను కుట్టే రవికెలన్నీ పెట్టెల్లోనే పోతాయి. చెయ్యి కట్టేస్తే మేము ఏం తినాలా?" ఆమె ఏడుస్తుంటే నేనే ఓదార్చాల్సి వచ్చింది.

మధ్య ఊళ్ళవాళ్ళలో ఒకాయన నా పేరు చెప్పగానే ఫోను పెట్టేశాడు. ఒకామె తనకు జ్ఞాపకం లేదంటే లేదంది. ఇంకొకాయన నన్నే దొంగన్నాడు. మిగతా ఇద్దరు అసలు ఫోనే ఎత్తలేదు.

తాటిరేవు దావీదు దగ్గర నాకు కొంత ఆశ ఉండేది. పడవ నడిపేవాడు కదా, మొండిగా నిజం చెప్తాడనుకున్నాను. మొండితనం వరకే దొరికింది.

"బరువుంది అని కూడా చెప్పినా గదా! ఎత్తకుండా బరువెట్టా తెలుస్తాది నాకు?"

"అదేనన్నా నేను అడిగేది."

"నన్ను అబద్ధాలోడు అంటుండావా నువ్వు? ముప్పై ఏళ్ళ బట్టి ఈ రేవులో పెట్టెలు దాటిస్తుండా. ఒక్కటి నీళ్ళలో పడలేదు. పెట్టు ఫోను!"

పెట్టేశాను. వాడి మీద కోపం వచ్చింది, నా మీద జాలేసింది. అత్త పక్కగదిలోంచి అంతా వింటోంది.

కృత్తిక, ఆదివారం

సుభాషిణి వచ్చింది. విషయమంతా విని, నన్ను తిట్టడానికి నోరు తెరిచి, తల్లిని చూసి మూసేసింది. తిట్టి ఉంటేనే బాగుండేది.

రాత్రంతా పాత పొర చిరుగులు అతికించాం. నిచ్చెన మీద నేను, కింద తను. ఒకచోట అతికిస్తే ఇంకోచోట విచ్చుకుంది. ఎండకు మాగి మాగి అది అప్పడంలా అయిపోయింది. తెల్లవారుజామున సుభాషిణి చేతిలో ఒక ముక్క విరిగింది. ఆ ముక్క పట్టుకుని నిలబడిపోయింది.

"ఇంక వారం కూడా లేదు రోహిణి" అన్నది.

"మనిద్దరం తాటిరేవుకు పోదాం. కాళ్ళు పట్టుకుందాం."

"పోయి వచ్చేలోపల అమ్మను ఎవురు చూస్తారు?"

అత్త మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది, కానీ నిద్రపోలేదు. ఆమె నిద్రపోతే ఇల్లంతా గురక వినబడుతుంది.

కృత్తిక, సోమవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం అలసిపోయి పడుకున్నాను. సుభాషిణి పనికి వెళ్ళిపోయింది. కలలో అత్త మాట్లాడుతున్నట్టు ఉంది. కళ్ళు తెరిస్తే ఆ గొంతు నా తలగడ పక్కన ఫోనులోంచి వస్తోంది. ఎవరైనా చెయ్యి వెనక్కి తీసుకుంటే ఆ మాట దారిలో ఉన్న చేతులన్నిటికీ వినబడుతుంది. మా ఇల్లు కూడా ఆ దారిలో ఒక చెయ్యే కదా.

"నీలిమిట్ట నుంచి మాలకొండమ్మను మాట్లాడుతుండా. నా ఇంటికి ఏ పెట్టే రాలేదు. అమ్మా అని పిలిస్తే బులపాటం కొద్దీ మాట చెప్పినా. తప్పు నాదే. నా చెయ్యి ఎనక్కి తీసుకుంటుండా. దారిలో ఉండే తల్లులారా, నాయనలారా, మీరేం బయపడబాకండి. నా ఒక్క చెయ్యి చాలంట. మా అల్లుడు మిమ్మల్ని ఇబ్బంది పెట్టినాడు, వాడికి నా మీద ఉండే ప్రేమ అట్టాటిది. మనసులో పెట్టుకోబాకండి."

పరిగెత్తుకుంటూ గదిలోకి వెళ్ళాను. అప్పటికే అయిపోయింది. తన ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏం పని చేసినావు అత్తా!" అని అరిచాను. జీవితంలో మొదటిసారి ఆమె మీద అరిచాను. "ఇప్పుడు పొర ఎట్టా వస్తుంది? చచ్చిపోదామనుకుంటుండావా?"

"అరవబాక. ఎలుగన్నా ఎనక్కి వస్తాది గదా. ఏడాదంతా ఎండన పడి మీరిద్దరు కూడబెట్టుకున్నది. నా కోసరం మీరు చీకట్లో కూర్చుంటే నాకేం బాగుంటాది? నేను మాళిగలోకి దిగతాలే. పోయినేడు బతికినా గదా."

పోయినేడు ఎలా బతికిందో నాకు తెలుసు. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. సిగ్గేమీ లేదు రాసుకోవడానికి. ఆమె నా నెత్తిన చెయ్యి వేసింది, తర్వాత విసుగొచ్చి తీసేసింది. సాయంత్రానికి వెలుగు వాపసు వచ్చింది, వెంటనే మా ఇంటి చెయ్యి కట్టేశారని కబురూ వచ్చింది.

పొద్దుగుంకేటప్పుడు ఫోను మళ్ళీ పలికింది. ఈసారి దావీదు.

"తాటిరేవు దావీదును. నీలిమిట్ట పెట్టెను నేను ఎత్తలేదు. బరువని చెప్పింది అబద్ధం. ఎత్తినోడి మాట నమ్మకంగా ఉండాలని చెప్పినా. ఆ పెద్దామె మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. ఇదొక్కటే కాదు. ఈ ఏడు నాకు గుర్తు లేకుండా మాట చెప్పిన పెట్టెలు శానా ఉండాయి. వాటన్నిటి మీది నుంచీ నా చెయ్యి తీసేస్తుండా. కట్టేసుకోండి."

ఆయన గొంతు ఆగిందో లేదో మస్తానమ్మ అందుకుంది. తర్వాత నన్ను దొంగన్నాయన. ఆ తర్వాత నేను ఎప్పుడూ వినని ఊళ్ళు, వినని పేర్లు. దావీదు చెయ్యి ఎన్ని పెట్టెల దారుల్లో ఉందో అన్ని దారులకూ ఆయన మాట వినబడింది కదా. అత్త ఒక్కొక్కరికీ "నీ కడుపు చల్లగుండా" అంటూ కూర్చుంది. నేను మిద్దె ఎక్కి పలకలు తుడవడం కూడా మరిచిపోయాను.

కృత్తిక, మంగళవారం

తెల్లవారుతుండగా ఇందుమతి ఫోను చేసింది. గొంతు బొంగురుపోయింది పాపం.

"రాత్రంతా నిద్ర లేదండీ. ఎంతమంది చేతులు వెనక్కి తీసుకున్నారో లెక్కపెట్టడం మానేశాం. చల్లనిల్లు ఒక్కటే కాదు, అలాంటి అంగళ్ళు ఇంకా బయటపడ్డాయి. ఎన్నో ఇళ్ళకు వాపసు ఇస్తున్నాం."

"మరి ఆ చేతులన్నీ కట్టేస్తారా?"

"అదే పైవాళ్ళకు చెప్పాను. అందర్నీ కట్టేస్తే సముద్రం నుంచి కొండలదాకా పెట్టెను ఎత్తే నాథుడు ఉండడు, సరుకులన్నీ వాగుల ఒడ్డునే కూర్చుంటాయి అన్నాను. చాలాసేపు తర్జనభర్జన పడ్డారు." ఆ అమ్మాయి నవ్వింది. "తనంతట తానే నిజం చెప్పిన చెయ్యిని కట్టకూడదని ఇప్పుడే తేల్చారు. మీ అత్తగారిది విప్పేశాం. వెంటనే పొర తెప్పించుకోండి, బాబాయిగారూ."

నన్ను బాబాయి అన్నందుకు మామూలుగా అయితే నొచ్చుకునేవాణ్ణి. ఇవాళ ఏమన్నా ఒప్పుకుంటాను. గుండెల మీద నుంచి రోలు దించినట్టుంది. పాత అంగడిలోనే, పాత ధరకే, ఒక్క మాట బేరమాడకుండా పొర కొన్నాను. మా వెలుగు చాల్లేదు. మిగిలింది సుభాషిణి గాలిమరల దగ్గర జీతంలో ముందుగా అడిగి సర్దింది.

ఒక్కటే దిగులు. మామూలుగా ఆ దారిన పెట్టె రావడానికి వారం పైనే పడుతుంది. రోహిణి శనివారమే.

కృత్తిక, గురువారం

ఒంటి వేడి నూట రెండు. మాట తగ్గింది. డాక్టరమ్మ వచ్చి చూసి, తడి గుడ్డలు తీయొద్దంది.

ఈ పెట్టెకు ముద్దు మాటలు రావు. "పెట్టె. రాకపాలెం. కుడి ముందు కాలు ఇరుక్కుంది" అన్నది నిన్న, అంతే. వెంటనే మస్తానమ్మ గొంతు: "కాలు పీకినానయ్యా. ఈసారి నా రెండు కళ్ళతో చూసినా. ఎర్ర పెట్టె, మూత మీద గీత పడుంది. ఇది నడిస్తే ఎప్పటికి వస్తాది? మా అబ్బాయి నెత్తిన పెట్టుకోని బయలుదేరినాడు."

ఇక అక్కడి నుంచి ఆ పెట్టె కాలు నేల మీద మోపలేదు. ఊరి నుంచి ఊరికి మనుషులే మోశారు. ఎండ వేళ ఆగి, పొద్దు వాలగానే మళ్ళీ. నా ఫోను కట్ చేసిన ఆయన రెండు ఊళ్ళ మేర మోశాడు. ఒకామె మాట వెనక కుక్క మొరుగుతూనే ఉంది. తనకు జ్ఞాపకం లేదన్నామె "ఇది మాత్రం జ్ఞాపకం ఉంటుందిలే" అన్నది. తాటిరేవు నుంచి దావీదు మాట విని, సెలవు పెట్టి ఇంటికొచ్చిన సుభాషిణి పడిపడి నవ్వింది: "దాటించినా. బరువు అసలేం లేదు. దూదిలాగుంది. ఇంత తేలికని తెలిసుంటే ఆ రోజు ఇంకో అబద్ధం చెప్పేవాణ్ణి."

అత్త కళ్ళు తెరవకుండానే పెదవులు కదిపింది. నవ్విందనే అనుకుంటున్నాను.

కృత్తిక, చివరి రోజు

వచ్చింది. చీకటి పడ్డాక, పొరుగూరి వాళ్ళు ఇద్దరు మోసుకొచ్చి వాకిట్లో దింపారు. ఎర్ర పెట్టె, మూత మీద గీత. దాన్ని ముట్టుకుని చూశాను. మళ్ళీ మళ్ళీ ముట్టుకున్నాను. మోసినవాళ్ళకు మజ్జిగ ఇచ్చాం, వీధి వీధంతా వచ్చి చూసింది. నలుగురం కలిసి నిచ్చెనలు వేసి రాత్రంతా పొర కట్టాం. మూలలు బిగించేసరికి తూర్పున ఎర్రబడుతోంది.

రోహిణి, మొదటి రోజు

బయట గాలి కాలిపోతోంది. వీధిలో కాకి కూడా లేదు. మధ్యాహ్నం గడిచేదాకా సుభాషిణీ నేనూ అత్త మంచానికి చెరో పక్క కూర్చున్నాం. పొర చిన్నగా రెపరెపలాడుతోంది. అత్త గురక పెడుతోంది, ఇల్లంతా వినబడేలా. ఆ గురక వింటూ ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

సాయంకాలం కళ్ళు తెరిచింది. ఒళ్ళు ముట్టుకుంటే చల్లగా ఉంది. మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మొహం చిట్లించి, పాత గొంతుతో కసిరింది.

"ఏందిరా అట్టా చూస్తా కూర్చున్నారు ఇద్దరూ? చలేస్తుండాది నాకు. దుప్పటి ఇయ్యండి."

సుభాషిణి, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా ఇంట్లో దుప్పటి లేదు. నాకు తెలిసి ఏనాడూ లేదు. బట్టల పెట్టెలన్నీ తిరగేసి, సుభాషిణి తన పట్టుచీర తీసి కప్పింది. "ఇది గుచ్చుకుంటుండాది, దుప్పటి కావాలా" అన్నది అత్త. పొద్దువాలాక తడి తుండు నెత్తిన వేసుకుని బయలుదేరాను. రోహిణి కార్తెలో ఇంటింటి తలుపూ తట్టి దుప్పటి అడిగిన మనిషి నీలిమిట్టలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.